కల్లుప్పు నీళ్ళు

బలగలో మా ఇంటి వెనక
నీలం ప్లాస్టిక్ బేసిన్‌లో నాలుగు పాదాలు.
రెండు మా అమ్మవి, రెండు నావి.
కరెంటు పోయింది.
ఎవరి మడమ ఎవరిదో
తగిలితే గాని తెలియడం లేదు.

అమ్మది టెక్కలి బస్సు.
తెల్లారి నాలుగూ నలభైకి కాంప్లెక్సులో
మిషను భుజానికి తగిలించుకుంటే
సింగుపురం, మడపాం, నరసన్నపేట, కోటబొమ్మాళి,
మళ్ళీ వెనక్కి. అలా నాలుగు సింగిళ్ళు.
ఆడవాళ్ళకి సున్నా టిక్కెట్టు వచ్చిన కాణ్ణుంచీ
కండక్టరు సీట్లో కూడా ఎవరో ఒక ముసలామె,
ఒళ్ళో మునక్కాడల కట్ట.
లేపడానికి అమ్మకి నోరు రాదు.

నాది మస్కట్ విమానం.
నూట ఎనభై ట్రేలు, ఊపిరికి చోటివ్వని స్కర్టు,
నవ్వు ఎంత వెడల్పుండాలో నేర్చుకున్న మూడు నెలలు.
గుండె మీద బ్యాడ్జీ: అసిరి.
మా నానమ్మ పేరు అసిరితల్లి.
బ్యాడ్జీ మీద చోటు చాలక తల్లిని కోసేశారు.
"మీది శ్రీలంకా?" అంటారు ముందు వరుసల వాళ్ళు.
కాదండీ, శ్రీకాకుళం అంటే
పెద్ద తేడా ఏముందన్నట్టు తలూపి
టమాటా రసం అడుగుతారు.

చెప్పకూడదనుకుంటూనే చెప్పాను,
ఒకడు నీళ్ళడగడానికి
వేలితో నా నడుము మీద పొడిచాడని.
అమ్మ కాసేపు మాట్లాడలేదు.
"నాను మిషను అడ్డెట్టుకుంటాను.
నువ్వేటి అడ్డెట్టుకుంటావు?"
"ట్రే."
"గట్టిదేనా?"

తర్వాత సెల్‌ఫోను వెలుగులో
మెమో తీసి చదివాను.
మస్కట్‌లో చక్రాలు నేలకి తగిలాయో లేదో
వెనక పది వరుసలు లేచి నిలబడ్డాయి.
ఉద్దానం వెల్డర్లు, సోంపేట తాపీ మేస్త్రులు,
పై అరల్లోంచి సంచులు లాగేస్తూ.
ఒక కుర్రాడైతే
జీడిపప్పు డబ్బా నెత్తికెత్తుకుని మరీ.
ఇంగ్లీషులో చెప్పాను. హిందీలో చెప్పాను.
విమానం ఇంకా పరిగెడుతూనే ఉంది.
అప్పుడు వచ్చింది నా గొంతులోంచి,
నరసన్నపేట జంక్షన్‌లో
ఫుట్‌బోర్డు మీద వేలాడే వాళ్ళని అదిలించే గొంతు:
"ఓలమ్మోలమ్మ, ఏటయ్యా ఆ తొందర!
బండాగనీయండి!
కూకోండి, కూకోండొకపాలి!"

పది వరుసలూ కూచున్నాయి.
ఎవరో విజిలేసి "రైట్ రైట్" అన్నారు.
నవ్వు వెనక నుంచి ముందుకు పాకింది,
అర్థం కాని వాళ్ళ దాకా.
దిగేటప్పుడు ఆ జీడిపప్పు కుర్రాడు
గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.
బయట ఎండ తెల్లగా ఉంది.
"ఎల్లొస్తానప్పా" అన్నాడు.
నేర్పిన వెడల్పు నవ్వు
అప్పుడు నాకు దొరకలేదు.

మెమోలో ఇదంతా లేదు.
"అనుమతి లేని భాషలో, అనుచితమైన స్వరంతో"
అని ఒక్క లైను.

అమ్మ నవ్వీ నవ్వీ
బేసిన్‌లో సగం నీళ్ళు ఒలకబోసింది.
"అనుచితమంటే ఏటే?"
"నీ గొంతు."
మళ్ళీ నవ్వింది, ఈసారి కొంచెం ఆలస్యంగా.
ఆ కాగితం అడిగి తీసుకుంది.
తన నోటీసులు దాచుకునే బట్టలషాపు సంచిలో పెడుతుందట.
అందులో అన్నిటికన్నా అడుగుది
నాకు జొరమొచ్చిన రోజున
ఇంజను బానెట్ మీద నన్ను పడుకోబెట్టుకుని
టెక్కలి దాకా టిక్కెట్లు కొట్టినందుకు ఇచ్చినది.

కల్లుప్పు అడుగున కరగకుండా
అరికాలికి గరగరలాడుతోంది.
"ఇంతకీ నువ్వు కూకునేదెప్పుడే?"
"ఎగిరేటప్పుడు. దిగేటప్పుడు.
జనాల వైపు మొహం పెట్టి."
"నయమే. మాకు ఆపాటీ లేదు."

నీళ్ళు చల్లారిపోయాయి.
తుడుచుకునే గుడ్డ లోపల తలుపు మీద ఉంది.
ఎవరు ముందు లేచి తేవాలో తేలక
ఇద్దరం అలాగే
కూచునే ఉన్నాం.